తిన్నది ఒంటబట్టని కుక్క: ఎంజైమ్ లోపం, ఆగని దురద రెండూ ఉంటే ఏం చేయాలి

గిన్నె నాకేసి ఇంకా కావాలని వెంటపడుతుంది, అయినా పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంటుంది. మలం లేత పసుపు రంగులో, జిడ్డుగా, తిన్నదానికి మించినంతగా, ముక్కు మూసుకోవాల్సిన వాసనతో పడుతుంది. పొట్టలో ఎప్పుడూ గుడగుడలే. కొన్ని కుక్కలు తమ మలాన్ని తామే తింటాయి. ఇలాంటి కుక్కకు మన దగ్గర మొదట నులిపురుగుల మందు పోస్తారు, తగ్గకపోతే టిక్ ఫీవర్ అనుకుని మందు మొదలుపెడతారు. ఆ రెండూ తెలుగు రాష్ట్రాల్లో మామూలే కాబట్టి పరీక్ష చేయించాల్సిందే. అయితే టిక్ ఫీవర్ వచ్చిన కుక్క ఎక్కువగా తిండి మానేస్తుంది. ఈ కుక్క తిండి కోసం అల్లాడుతూనే చిక్కిపోతుంది. అలా ఉంటే క్లోమం సంగతి చూడాలి.

ఈ జబ్బును ఎక్సోక్రైన్ పాంక్రియాటిక్ ఇన్‌సఫిషియెన్సీ అంటారు, పొట్టిగా ఈపీఐ. కొవ్వును అరిగించే లైపేజ్, పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్, మాంసకృత్తుల్ని అరిగించే ప్రోటియేజ్ క్లోమంలో తయారుకావు. ఎంజైమ్‌ల ఉత్పత్తిలో దాదాపు 90 శాతం పోయేదాకా పైకి ఏమీ తెలియదు. అందుకే నిన్నటిదాకా బాగున్న కుక్క ఒక్కసారిగా చిక్కిపోయినట్టు అనిపిస్తుంది. జర్మన్ షెపర్డ్‌లలో ఇది ఎక్కువ, అదీ చిన్న వయసులోనే. వాటిలో ఎంజైమ్ తయారుచేసే కణాలే క్రమంగా కృశించిపోతాయి. రఫ్ కోలీలలోనూ ఇంతే. మిగతా జాతుల్లో చాలాసార్లు ఏళ్ల తరబడి ఉన్న పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) తర్వాత వస్తుంది. పోయిన కణాలు తిరిగిరావు, కాబట్టి ఎంజైమ్ జీవితాంతం ఇవ్వాలి. సరిగ్గా ఇస్తే చాలా కుక్కలు ఏళ్ల తరబడి హాయిగా బతుకుతాయి.

నిర్ధారణకు ఒకటే పరీక్ష

రక్తంలో టీఎల్ఐ చూడాలి, అంటే క్లోమం నుంచి రక్తంలోకి చేరే ట్రిప్సిన్ రకపు ఎంజైమ్ ఎంత ఉందో కొలవడం. కుక్కకు 12 గంటలు ఏమీ పెట్టకుండా, నీళ్లు మాత్రం ఇచ్చి, రక్తం తీయించండి. లీటరుకు 2.5 మైక్రోగ్రాములు, అంతకన్నా తక్కువ ఉంటే ఈపీఐ ఖాయం. 5.7 పైన ఉంటే క్లోమం పనిచేస్తున్నట్టే. మధ్యలో ఉంటే నెల తర్వాత మళ్లీ చేయించాలి. మామూలు రక్తపరీక్షలోని అమైలేజ్, లైపేజ్ అంకెలతో ఈపీఐని తేల్చలేరు. పాంక్రియాటైటిస్‌కు చేసే పీఎల్ఐ వేరే పరీక్ష. అదే రక్తంతో విటమిన్ బి12, ఫోలేట్ కూడా చేయించండి. బి12 ఎందుకో కింద చెబుతాం.

ఎంజైమ్ ఎలా ఇవ్వాలి

పూత లేని పాంక్రియాటిన్ (జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైమ్‌ల) పొడి మొదటి ఎంపిక. ప్రతి పూటా 10 కిలోల బరువుకు ఒక టీస్పూను, అంటే సుమారు 3 గ్రాములు. 30 కిలోల షెపర్డ్‌కు పూటకు 3 టీస్పూన్లు, రెండు పూటలకు 18 గ్రాములు, నెలకు అరకిలో పైనే. కొనే ముందు ఈ లెక్క వేసుకోండి, నెల మధ్యలో డబ్బా ఖాళీ అయితే అప్పటిదాకా పెరిగిన బరువు రోజుల్లో పోతుంది.

తిండి వేడిగా ఉండకూడదు, చల్లారాలి. వేడి అన్నంలో కలిపితే ఎంజైమ్ చచ్చిపోతుంది. పొడి చల్లి, కొద్దిగా నీళ్లు పోసి, ప్రతి ముద్దకూ అంటేలా కలపండి. చాలాసేపు నానబెట్టనక్కర్లేదు, అయితే 15–20 నిమిషాలు ఉంచితే నోటి పుళ్లు తక్కువగా వస్తాయి. పొడి తిండిలో ఉండాలి, తిండికి ముందో తర్వాతో విడిగా వేస్తే పనిచేయదు. ఎంజైమ్ లేని తిండి ఒక్క ముక్క కూడా లోపలికి వెళ్లకూడదు. పిల్లలు విసిరే బిస్కెట్టు, పక్కింటివాళ్లు పెట్టే చపాతీ, వీధిలో దొరికిన ఎముక: బాగవుతున్న కుక్కకు మళ్లీ విరోచనాలు పట్టుకున్నాయంటే ఎక్కువగా కారణం ఇదే. ఇంట్లో అందరికీ చెప్పండి, పనిమనిషికీ వాచ్‌మన్‌కూ కూడా.

మందుల షాపులో "డైజెస్టివ్ ఎంజైమ్" అని అడిగితే మనుషుల అజీర్తి సిరప్ ఇస్తారు. వాటిలో ఎక్కువగా ఫంగల్ డయాస్టేజ్, పెప్సిన్ ఉంటాయి, లైపేజ్ ఉండదు. ఈపీఐకి అవి పనికిరావు. చక్కెర లేదని రాసిన రకాల్లో జైలిటాల్ ఉంటే కుక్కకు విషమే. మనుషుల పాంక్రియాటిన్ క్యాప్సూళ్లు వేరు. వాటి మీద రాసే 10,000, 25,000 అన్న అంకెలు లైపేజ్ యూనిట్లు. పొడి దొరకనప్పుడు డాక్టరు ఇవే రాయవచ్చు. క్యాప్సూల్ విప్పి గింజల్ని తిండి మీద చల్లాలి, నూరకూడదు, పైపూత పోతే కడుపులోని ఆమ్లం వాటిని నాశనం చేస్తుంది. పూత ఉన్న మందు కొన్ని కుక్కల్లో పొడి అంత బాగా పనిచేయదు. మలం చూసే తేల్చుకోవాలి.

పచ్చి క్లోమం కూడా పనిచేస్తుంది. ఒక టీస్పూను పొడికి బదులు 30–90 గ్రాముల తరిగిన క్లోమం. మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో నెలల తరబడి శక్తి నిలుస్తుంది, ఉడికిస్తే పోతుంది. అయితే రెండు జాగ్రత్తలు. కొట్టువాడు "తిల్లి" అని ఇచ్చేది ప్లీహం, దాంతో ప్రయోజనం లేదు. రెండోది, మేక, గొర్రె లోపలి భాగాల్ని పచ్చిగా పెట్టడం వల్ల కుక్కకు హైడాటిడ్ బద్దెపురుగు పట్టి, దాని నుంచి ఇంట్లోవాళ్లకు రావచ్చు. పొడి కొనే స్తోమత ఉంటే ఈ దారి వద్దనే మా మాట.

డబ్బా 25 డిగ్రీలు దాటని పొడి చోట ఉండాలి. మే నెలలో వంటింటి అరలో ఉంచిన పొడి గడువు తేదీకి చాలా ముందే నిస్సత్తువవుతుంది. పెద్ద డబ్బాను మాటిమాటికీ తెరవకుండా వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకోండి. పొడి ఎగరకుండా కలపండి, పీలిస్తే మనకు ఆయాసం రావచ్చు. తర్వాత చేతులు కడుక్కోండి.

తిన్న వెంటనే కుక్క మూతిని తడిగుడ్డతో తుడవడం చిన్న పనే, కానీ చర్మానికి ఎంతో మేలు. పెదాల మడతల్లో, మీసాల దగ్గర అంటుకున్న ఎంజైమ్ చర్మాన్నే అరిగించడం మొదలుపెడుతుంది. మూతి చుట్టూ ఎర్రబడితే అలర్జీ అని కంగారుపడేముందు ఇది చూడండి. చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే తిండిని ఇంకా తడిపి, డాక్టరును అడిగి మోతాదు కొద్దిగా తగ్గించండి.

మలం గట్టిపడి, బరువు పెరిగి, ఒకట్రెండు నెలలు నిలకడగా ఉన్నాక పొడిని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ, మలం మళ్లీ మెత్తబడే మోతాదు కనుక్కుని, దానికి ఒక మెట్టు పైన ఆగండి. ఖర్చు తగ్గే దారి ఇదే.

బి12 లేకుండా ఏదీ సరికాదు

బి12ను ఒంట్లోకి చేర్చే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ కుక్కల్లో ప్రధానంగా క్లోమం నుంచే వస్తుంది. అందుకే ఈపీఐ కుక్కల్లో బి12 పడిపోవడం మామూలు. అది పెరగకపోతే ఎంజైమ్ ఎంత పోసినా కుక్క తేరుకోదు. చర్మం కింద సూది వారానికొకటి చొప్పున 6 వారాలు, నెల తర్వాత ఇంకొకటి, మరో నెలకు పరీక్ష: ఇదీ పద్ధతి. మోతాదు బరువును బట్టి 250 నుంచి 1,500 మైక్రోగ్రాములు. సూది కుదరకపోతే నోటి మాత్ర రోజూ 12 వారాలు: 10 కిలోల లోపు 250, 20 కిలోల వరకు 500, ఆపైన 1,000 మైక్రోగ్రాములు. మనుషుల బి–కాంప్లెక్స్ మాత్రలో బి12 చాలా తక్కువ, అది చాలదు.

ఏం పెట్టాలి

పీచు తక్కువ ఉండాలి, పీచు ఎంజైమ్ పనిని అడ్డుకుంటుంది. ఆరోగ్యానికి మంచిదని పెట్టే రాగిజావ, దంపుడు బియ్యం, గుమ్మడికాయ ఇక్కడ చెరుపే చేస్తాయి. బాగా మెత్తగా ఉడికిన తెల్లన్నం, తోలు ఎముక తీసిన చికెన్ సులభంగా అరుగుతాయి. 30 కిలోల కుక్కకు రోజుకు సుమారు 1,400 కేలరీలు కావాలి. అంటే దాదాపు 500 గ్రాముల అన్నం, 450 గ్రాముల ఉడికిన చికెన్. బరువు పెరిగేదాకా అయిదో వంతు ఎక్కువ పెట్టి, రెండు మూడు పూటలుగా పంచండి. ఇది కొన్ని వారాలకే, ఇందులో కాల్షియం లేదు. ఇదే కొనసాగించాలంటే ఖనిజాలు, విటమిన్ల మిశ్రమం డాక్టరుతో రాయించుకోవాలి, లేదా సులభంగా అరిగే తయారీ ఆహారానికి మారాలి. కొవ్వును పూర్తిగా తీసేయకండి. చిక్కిపోయిన ఒంటికీ ఎండిపోయిన చర్మానికీ కొవ్వు కావాలి.

వారానికోసారి కుక్కను ఎత్తుకుని బరువు చూసి మీ బరువు తీసేయండి. నోట్‌బుక్‌లో బరువు, మలం తీరు, దురద 10కి ఎంత అన్నది రాయండి. రెండు వారాల్లో ఒకటే మార్పు చేయండి. రెండు మందులు, కొత్త తిండి ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

నెల దాటినా విరోచనాలు ఆగకపోతే ఈ వరసలో వెతకండి: పొడి గడువు, వేడి తిండి, బయటి తిండి, తక్కువ మోతాదు, బి12. అవన్నీ సరిగ్గా ఉంటే పేగుల్లో బ్యాక్టీరియా అతిగా పెరిగి ఉండవచ్చు, పేగుల్లోనే వేరే జబ్బు ఉండవచ్చు, షుగర్ వచ్చి ఉండవచ్చు. కడుపు ఆమ్లం లైపేజ్‌ను చంపుతోందని అనిపిస్తే డాక్టరు ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ కలుపుతారు. యాంటీబయాటిక్‌ను సొంతంగా మొదలుపెట్టకండి. పొట్ట ఒక్కసారిగా ఉబ్బి, కుక్క నొప్పితో మెలికలు తిరిగితే ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈపీఐ ఉన్న షెపర్డ్‌లలో పేగు మెలిపడే ప్రమాదం ఉంది.

ఇక దురద

కొవ్వు అరగకపోతే చర్మానికి కావాల్సిన కొవ్వు ఆమ్లాలు, విటమిన్ ఎ, ఇ అందవు. బొచ్చు గడ్డిలా అవుతుంది, పొట్టు రాలుతుంది, చర్మపు రక్షణ పలచబడి బ్యాక్టీరియా, ఈస్ట్ చేరతాయి. ఇంతవరకు క్లోమం పాత్ర. ఎంజైమ్ కుదిరిన రెండు మూడు నెలల్లో ఇది మెరుగుపడుతుంది. కుక్క కుదురుగా పడుకోనీయకుండా గోకుతోందంటే మాత్రం దానికి వేరే కారణం ఉందనే అనుకోండి. జర్మన్ షెపర్డ్‌కు అలర్జీ చర్మం కూడా ఎక్కువే, రెండూ ఒకే కుక్కలో ఉండడం వింత కాదు.

మొదట పురుగులు. గోమార్లు, ఫ్లీలు కనిపించకపోయినా నివారణ మందు నెలనెలా పడాలి, ఇంట్లోని మిగతా కుక్కలకు కూడా. చెవి అంచులు, మోచేతులు, పొట్ట కింద తీవ్రంగా గోకుతూ, ఇంట్లోవాళ్లకూ దద్దుర్లు వస్తే గజ్జి. చర్మం గీరి చూసే పరీక్షలో గజ్జి పురుగు దొరకకపోవడం మామూలే, దొరకలేదని కొట్టేయకూడదు. మలం ఇంకా జిడ్డుగా ఉన్న కుక్కలో నోటి మందు ఎంతవరకు ఒంటబడుతుందో చెప్పలేం, చర్మం మీద పోసే రకం గురించి అడగండి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

రెండోది ఇన్ఫెక్షన్. చీమున్న పొక్కులు, గుండ్రంగా రాలిన బొచ్చు బ్యాక్టీరియాకు గుర్తు. జిడ్డు, పాడైన నూనె వాసన, గోధుమ రంగు తిరిగిన పాదాలు ఈస్ట్‌కు గుర్తు. కోస్తా ఉక్కపోతలో ఈస్ట్ మరీ చెలరేగుతుంది. టేపు అంటించి మైక్రోస్కోప్‌లో చూస్తే పది నిమిషాల్లో తేలుతుంది, ఆ పరీక్ష అడిగి చేయించుకోండి. 2 శాతం క్లోర్‌హెక్సిడిన్, 2 శాతం మైకోనజోల్ ఉన్న షాంపూతో వారానికి రెండుసార్లు, 3 వారాలు స్నానం చేయించండి. నురగ ఒంటి మీద గడియారం చూసి 10 నిమిషాలు ఉండాలి. వెంటనే కడిగేస్తే నీళ్లు దండగ. వేళ్ల సందులు, చంకలు బాగా ఆరబెట్టండి. మనుషుల సబ్బు, కిరోసిన్, టీ ట్రీ నూనె జోలికి పోవద్దు.

మలం గట్టిపడ్డాకే చేపనూనె మొదలుపెట్టండి, ముందే పోస్తే విరోచనాలు తిరగబెడతాయి. 30 కిలోల కుక్కకు చేపనూనెలోని ఒమేగా–3 కొవ్వు ఆమ్లాలైన ఈపీఏ, డీహెచ్ఏ కలిపి రోజుకు సుమారు 1,600 మిల్లీగ్రాములు లక్ష్యం, నాలుగో వంతుతో మొదలుపెట్టి నెలలో అక్కడికి చేరండి. సీసా మీద ఉన్న మొత్తం నూనె అంకె కాకుండా ఈ రెండింటి అంకె చూడాలి. కాడ్ లివర్ నూనె వేరు, అందులో విటమిన్ ఎ, డి మోతాదు మించుతుంది. ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ఏడాది పొడవునా గోకుతుంటే తిండి అలర్జీ పరీక్షించాలి. హైడ్రోలైజ్డ్ ఆహారం (మాంసకృత్తుల్ని చిన్న ముక్కలుగా విడగొట్టిన తయారీ ఆహారం), లేదా కుక్క ఎన్నడూ తినని మాంసం ఒక్కటే 8 వారాలు. మన కుక్కలు పుట్టినప్పటి నుంచీ చికెన్, పెరుగన్నం తినేవే, చికెన్, పాలు రెండూ అలర్జీకి పేరుపడ్డవే. మాత్రను పెరుగన్నం ముద్దలో పెట్టడం, రుచి కలిపిన గోమారి మాత్ర వేయడం, ఈ రెండింటితో 8 వారాల కష్టం వృథా అవుతుంది. ఎంజైమ్ పొడి ఎక్కువగా పంది క్లోమం నుంచి తీసిందే, అయినా పరీక్ష కోసం దాన్ని ఆపకండి. దురద తగ్గకపోతే వేరే జంతువు నుంచి తీసిన ఎంజైమ్ గురించి అప్పుడు డాక్టరుతో మాట్లాడండి. తగ్గితే పాత తిండిని మళ్లీ పెట్టి రెండు వారాలు చూడండి, దురద తిరిగొస్తేనే అలర్జీ నిజం.

దురదకు నెలనెలా దీర్ఘకాలపు స్టెరాయిడ్ సూది వేయించడం మన దగ్గర మామూలైపోయింది. ఈపీఐ కుక్కకు ఇది ప్రత్యేకంగా చెడ్డది. ఆకలి, దాహం పెంచి, కండ కరిగించి, బరువు ఎందుకు తగ్గుతోందో తెలియకుండా చేస్తుంది, షుగర్‌కూ దారితీయవచ్చు. అలర్జీ అని తేలితే దురద తగ్గించే ఒక్లాసిటినిబ్ మాత్ర గురించి అడగండి: కిలోకు 0.4 నుంచి 0.6 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు 14 రోజుల వరకు, తర్వాత రోజుకొకసారి. ఏడాది నిండని కుక్కకు ఇవ్వరు. లోతైన ఇన్ఫెక్షన్ ఉంటే ముందు దాన్ని తగ్గించాలి.

ఇంకొకటి, ఈపీఐ తేలిన షెపర్డ్‌ను జత కట్టించకండి. తోబుట్టువుల యజమానులు తెలిసినవాళ్లయితే వాళ్లకూ చెప్పండి, ఆ పిల్లల్లో ఎవరైనా చిక్కిపోతుంటే టీఎల్ఐ ముందే చేయించుకుంటారు.