తలకోన అడవిలో తెగని వీడియో కాల్: నా అనుభవం

తలకోన అడవిలో సిగ్నల్ అందని మలుపుల్లో మా ప్రథమ చికిత్స బృందం ఒకరినొకరు చూస్తూ మాట్లాడుకోవాలి. అందుకే టవరు అక్కర్లేని వైఫై గొలుసు కట్టాం. ప్రతి రూటరూ పక్కదానికి ప్యాకెట్లు, అంటే సమాచారపు చిన్న ముక్కలు, అందిస్తుంది. ఇద్దరి మధ్య వీడియో చక్కగా వచ్చేది, నాలుగో మనిషి చేరగానే బొమ్మ గడ్డకట్టి మాట తెగిపోయేది.

ఒకే ఛానల్‌లో ఒకే రేడియోతో వింటూనే పంపడం కుదరదు కాబట్టి రెండు అంచెలకు (ఒక రూటరు నుంచి పక్కదానికి ఒక అంచె) వేగం దాదాపు సగమవుతుంది. అది ఓర్చుకోవచ్చు. అసలు చిక్కు దారి ఎంపికలో ఉంది. 2003లో ప్రకటించిన ఏఓడీవీ అనే దారి వెతికే పద్ధతి తక్కువ అంచెల దారికే మొగ్గుతుంది. చెట్ల చాటున ఊగిసలాడే దూరపు లింకును పట్టుకుంటుంది, అది తెగాక కొత్త దారి వెతికేలోపు కాల్ ఆగుతుంది.

2011 నుంచి లినక్స్ కెర్నల్‌లో (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగంలో) ఉన్న బ్యాట్‌మన్ అనే మరో దారి పద్ధతికి మారాం. ఇది ఎన్ని ప్యాకెట్లు నిజంగా చేరాయో చూసి దారి ఎంచుతుంది. అయినా ఒక మెలిక మిగిలింది: దాని పరిచయ ప్యాకెట్లు (రూటర్లు తమ ఉనికిని చాటే సందేశాలు) అతి తక్కువ వేగంతో వెళ్తాయి కనుక బలహీన లింకు కూడా బాగున్నట్లే కనిపిస్తుంది. ఆ ప్యాకెట్లు వెళ్లే వేగాన్ని, అంటే మల్టీకాస్ట్ రేటును, 12 ఎంబీపీఎస్‌కు పెంచగానే ఆ లింకులు పక్కకు తప్పుకున్నాయి. నన్ను అడిగితే సగం విజయం ఈ ఒక్క మార్పుదే.

వీడియోను 360పీ, సెకనుకు 15 ఫ్రేములకు దించి, మాటను కుదించే ఓపస్ కోడెక్ వాడి, మాటకు ముందు వరుస ఇచ్చాం. గాయం చూపించేటప్పుడు బొమ్మ కాస్త మసకబారినా ఫరవాలేదు, మాట ఆగకూడదు. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు తడి ఆకుల్లో త్వరగా నీరసిస్తాయి, అందువల్ల వానాకాలమంతా 2.4లోనే నడుపుతున్నాం.