పాత నికాన్ లెన్స్ కొనే ముందు

• మీ కెమెరా మోడల్ సరిచూసుకోండి. నికాన్ ఎఫ్ మౌంట్ (కెమెరాకు లెన్సు బిగించే అమరిక) 1959 నాటిది కనుక పాత లెన్సులు చాలావరకు బిగుస్తాయి. బిగిసినంత మాత్రాన ఆటోఫోకస్ పనిచేయదు. డి3500, డి5600 కెమెరాల్లో ఫోకస్ మోటారు లేదు. తనలోనూ మోటారు లేని 50 ఎంఎం ఎఫ్/1.8డి లెన్సును వాటిపై చేత్తోనే తిప్పి ఫోకస్ చేసుకోవాలి. దుకాణదారు ఈ మాట చెప్పకపోవచ్చు, మీరే అడగండి.

• 1977కు ముందు లెన్సులు, తర్వాతి కెమెరాలకు సరిపడేలా మార్పు చేయనివి అయితే బలవంతంగా బిగించవద్దు. కొన్ని కెమెరాల మౌంట్ అంచున ఉండే చిన్న మీట విరిగిపోతుంది.

• రెండు మూతలూ తీసి, వెనుక నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూటి పోగుల్లా కనిపిస్తే అది బూజు. ఎంత చౌకగా ఇచ్చినా వద్దు, ముఖ్యంగా కోస్తా ఉక్కలో ఉండేవారికి. నాలుగు దుమ్ము రేణువులకు మాత్రం భయపడకండి, ఫొటోలో తెలియవు.

• అపర్చర్ (వెలుతురును తగ్గించే, పెంచే రంధ్రం) రేకులపై నూనె మరకలు ఉండకూడదు.