కీ తిప్పినా బండి పలకడం లేదా? లాక్ సెట్ మార్చే ముందు ఇవి చూడండి

కీ తిప్పితే న్యూట్రల్ లైటు కూడా వెలగకపోతే షాపులో ఎక్కువగా వినిపించే మాట "లాక్ సెట్ పోయింది, మార్చాలి" అని. మా నాన్న బండికి అలాగే రెండేళ్లలో రెండు లాక్ సెట్లు వేయించాం. మూడోసారి సూర్యాపేట దాటాక ఎండలో మళ్లీ ఆగిపోయింది. ఇక నేనే హెడ్‌లైట్ విప్పి చూశాను. లాక్ సెట్‌లోని కీ స్విచ్‌కి ఏమీ కాలేదు, హ్యాండిల్ తిరిగినప్పుడల్లా వంగే చోట ఎర్ర వైరు పైన తొడుగు బాగానే ఉండి లోపల రాగి తీగ తెగి ఉంది. తొడుగు మీద వేలితో నొక్కితే లైటు వెలుగుతోంది, వదిలితే ఆరిపోతోంది. ఇంకొకరికి ఇలా డబ్బు పోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు స్విచ్ చేసే పని తెలిస్తే సగం పని అయినట్టే. స్ప్లెండర్, ప్యాషన్ లాంటి పాత బళ్లలో కీ స్విచ్ కింద నుంచి నాలుగు వైర్లు వస్తాయి. ఎరుపు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చేది. నలుపు హారన్‌కీ, ఇండికేటర్లకీ, బ్రేక్ లైటుకీ కరెంటు తీసుకెళ్లేది. నలుపు మీద తెల్ల గీత ఉన్నది సీడీఐకి (ప్లగ్‌లో నిప్పు రవ్వ పుట్టించే పెట్టెకి) వెళ్లేది, ఆకుపచ్చ ఎర్త్. కీ ఆన్ చేస్తే ఎరుపూ నలుపూ కలుస్తాయి, ఆఫ్ చేస్తే అవి విడిపోయి తెల్ల గీత వైరు ఆకుపచ్చతో కలుస్తుంది, దాంతో ప్లగ్‌కి కరెంటు ఆగి ఇంజన్ ఆగుతుంది. వేరే కంపెనీ బళ్లలో రంగులు మారతాయి, కాబట్టి మీ బండి వైరింగ్ బొమ్మ చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

ఏదీ వెలగడం లేదు, హారన్ కూడా లేదు

స్విచ్ జోలికి వెళ్లకండి, ముందు సైడ్ డోర్ తీసి ఫ్యూజు చూడండి. పోయి ఉంటే అదే ఆంపియర్లది వేయాలి, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి నడిపితే వైరింగ్ మొత్తం కాలిపోతుంది. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే ఎక్కడో షార్ట్ ఉంది, హ్యాండిల్ తిప్పినప్పుడే పోతోందంటే ఆ షార్ట్ హ్యాండిల్ మెడ దగ్గరే ఉండే అవకాశం ఎక్కువ. ఫ్యూజు బాగుంటే బ్యాటరీ టెర్మినళ్లు బిగించి, తెల్లగా బూజులా పట్టి ఉంటే గీకి శుభ్రం చేయండి.

కీ ఆన్ చేస్తే లైటు వెలిగి, సెల్ఫ్ నొక్కగానే అన్నీ ఆరిపోతుంటే అది బ్యాటరీ డౌన్ అవ్వడమో, టెర్మినల్ లూజో అనుకోండి. సెల్ఫ్ మోటారు తీసుకునే కరెంటు కీ స్విచ్ గుండా పోదు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) మీదుగా నేరుగా బ్యాటరీ నుంచి పోతుంది. బ్యాటరీ నిండా ఛార్జ్ అయి ఉంటే మల్టీమీటరులో 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది, 12కి దిగితే ముందు ఛార్జింగ్ పెట్టించండి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు స్విచ్ కప్లర్ (వైర్లు కలిసే ప్లాస్టిక్ జాయింటు) దగ్గరికి రండి, చాలా బళ్లలో హెడ్‌లైట్ వెనకాలే ఉంటుంది. కప్లర్ విప్పకుండా, వెనక నుంచి పిన్ను తగిలేలా మీటరు పెట్టి ఎరుపు మీద కరెంటు చూడండి. అక్కడే లేకపోతే స్విచ్‌ది తప్పు కాదు, బ్యాటరీ నుంచి అక్కడికి వచ్చే దారిలో ఎక్కడో తెగింది. ఎరుపు మీద 12.4 ఉండి, కీ ఆన్ చేసి ఇండికేటరూ బ్రేక్ లైటూ వేసినప్పుడు నలుపు మీద 11కి పడిపోతుంటే స్విచ్ లోపలి పలకలు కాలాయి, లేదా కప్లర్ పిన్ను తుప్పు పట్టింది. మీటరు లేకపోయినా ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కలిపి ఒకటి ఎర్త్‌కి పెట్టి రెండోదాన్ని ఆ పిన్నులకి తాకిస్తే చాలు, బల్బు ఎంత గట్టిగా వెలుగుతోందో చూస్తే తెలిసిపోతుంది.

గుంతలో పడినప్పుడో, హ్యాండిల్ తిప్పినప్పుడో ఆగిపోతోంది

మా బండి జబ్బు ఇదే. స్టాండు వేసి న్యూట్రల్‌లో కీ ఆన్ చేసి హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పండి, తర్వాత హ్యాండిల్ కదపకుండా కీని మాత్రం అటూ ఇటూ కొంచెం కదిపి చూడండి. హ్యాండిల్‌తో లైటు ఆరితే వైరు, కీతో ఆరితే స్విచ్. ఎంత తేలికైన పరీక్షో చూడండి, ఇది రెండు నిమిషాలు చేసి ఉంటే మాకు రెండు లాక్ సెట్ల ఖర్చు మిగిలేది.

తెగిన వైరుని మెలిపెట్టి టేపు చుడితే నెల తిరక్కుండా మళ్లీ ఊడుతుంది. బ్యాటరీ నెగెటివ్ తీసేసి, తెగిన ముక్క కోసేసి, అంతే మందం ఉన్న వైరు కలిపి సోల్డరింగ్ చేసి స్లీవ్ వేయండి. అతుకు వంగే చోట రాకుండా, హ్యాండిల్ పూర్తిగా తిప్పినా బిగుసుకోకుండా కాస్త వదులు ఉంచండి.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బళ్లలో చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షనే. కీ ఆన్ చేయగానే పెట్రోల్ పంపు జుయ్‌మని రెండు మూడు సెకన్లు మోగుతుంది. హ్యాండిల్ కదిపినప్పుడల్లా ఆ శబ్దం మళ్లీ మొదలవుతోందంటే మధ్యలో కరెంటు తెగి కలుస్తోందన్నమాట.

లైట్లు, హారన్ అన్నీ ఉన్నాయి, కిక్కు కొడితే స్టార్ట్ కాదు

పాత ఏసీ సీడీఐ బళ్లలో ప్లగ్‌కి కావాల్సిన కరెంటు మాగ్నెట్ కాయిల్ నుంచి వస్తుంది, బ్యాటరీతో పని లేదు. అందుకే ఆ బళ్లు బ్యాటరీ లేకపోయినా కిక్కుకి స్టార్ట్ అవుతాయి. ఇలాంటి బండిలో లైట్లు బాగుండి ప్లగ్‌లో నిప్పు రవ్వ రాకపోతే, కీ ఆన్‌లో ఉన్నా తెల్ల గీత వైరు ఇంకా ఎర్త్‌కే అతుక్కుని ఉందేమో చూడాలి. హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే కిల్ స్విచ్ ఉంటే ముందు అది చూసి, తర్వాత కీ స్విచ్ కప్లర్ ఊడదీసి కిక్కు కొట్టండి. స్టార్ట్ అయితే స్విచ్‌దే తప్పు, వర్షంలోనో వాటర్ సర్వీసింగ్‌లోనో లోపలికి నీళ్లు పోయి ఉంటాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనిస్తే కొన్ని బాగవుతాయి. అప్పటికీ స్టార్ట్ కాకపోతే వెతకాల్సింది సీడీఐ, కాయిల్, ప్లగ్ వైపు.

కప్లర్ ఊడదీసి చేసే ఈ పరీక్ష ఇంజెక్షన్ బళ్లకీ, డీసీ సీడీఐ బళ్లకీ పనికిరాదు, వాటికి స్విచ్ నుంచి కరెంటు అందితేనే ప్లగ్ పనిచేస్తుంది.

కీ తీసేసినా ఇంజన్ ఆగడం లేదు

కంగారు పడకండి. కిల్ స్విచ్ ఉంటే నొక్కండి, లేకపోతే బ్రేకు గట్టిగా పట్టుకుని టాప్ గేర్‌లో మెల్లగా క్లచ్ వదిలితే ఆగిపోతుంది. ఏసీ సీడీఐ బండైతే సీడీఐ వైపు నుంచి వచ్చే తెల్ల గీత వైరుని ఆకుపచ్చకి తాకించి చూడండి. ఇంజన్ ఆగితే స్విచ్ మార్చాలి, ఆగకపోతే ఆ వైరే మధ్యలో తెగింది. ఇంజన్ నడుస్తుండగా ఆ వైరు షాక్ కొడుతుంది, ఒట్టి చేత్తో రాగిని ముట్టుకోవద్దు.

కీ తిరగడం కష్టంగా ఉంది, కప్లర్ వేడెక్కుతోంది

కీ బిగుసుకుంటే ఇంట్లో దాచిన రెండో కీతో చూడండి. అది సులువుగా తిరిగితే అరిగింది కీ మాత్రమే, డూప్లికేట్ కూడా ఆ రెండో కీ నుంచే చేయించండి. తాళంలో కొబ్బరి నూనె, ఇంజన్ ఆయిల్ పోయకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది. గ్రాఫైట్ పొడి, లేదా పెన్సిల్ ముల్లు గీకిన పొడి వేస్తే చాలు.

కప్లర్ వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతోందంటే దాని మీద ఎక్కువ లోడు పడుతోంది. 100 వాట్ల ఫాగ్ లైటు 12 వోల్టుల దగ్గర 8 ఆంపియర్లకు పైగా లాగుతుంది, దాన్ని కీ వైరు నుంచే తీసుకుంటే చిన్న పలకలు ఎన్నాళ్లు తట్టుకుంటాయి? రిలే పెట్టించండి, దాని పిన్నుల మీది నంబర్ల ప్రకారం: 86కి కీ వైరు, 85కి ఎర్త్, 30కి ఫ్యూజుతో బ్యాటరీ, 87కి లైటు.

స్విచ్ నిజంగానే పోయిందని తేలితే అప్పుడు మార్చండి. కొన్ని మోడళ్లకు కింది కరెంటు భాగం స్క్రూలతో విడిగా ఊడుతుంది, అది దొరికితే మొత్తం సెట్ అక్కర్లేదు, పాత కీ అలాగే ఉంటుంది. ఇంటికి చేరడానికి ఎరుపూ నలుపూ డైరెక్ట్ చేయించుకుంటే మర్నాడే తీయించేయండి, అలా వదిలేసిన బండిని ఎవరైనా కీ లేకుండా తీసుకుపోవచ్చు. కొత్త లాక్ సెట్ వేయిస్తే పాత కీలు పారేయకుండా కొత్త కీలు, లాక్ సెట్ బిల్లుతో పాటు బీమా కాగితాల్లో పెట్టండి, బండి పోయినప్పుడు బీమా వాళ్లు సాధారణంగా రెండు కీలూ అడుగుతారు.