పిల్లల్ని ఫోన్‌లో ఎవరైనా వేధిస్తుంటే సాక్ష్యాలు ఎలా భద్రపరచాలి?

విశాఖపట్నం గాజువాకలో చాలా ఏళ్లుగా హైస్కూల్ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. ఏడాదికి ఐదారు సార్లైనా, స్కూలు వదిలాక ఎవరో ఒక తల్లి ల్యాబ్ గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడుతుంది. "ఇప్పుడేటి చేయమంటారు మేడమ్?" అని అడుగుతుంది. అప్పటికే చేయకూడనివన్నీ చేసేసి ఉంటారు. ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టేస్తారు. ఆ చెత్త కళ్ల ముందు ఉండకూడదని చాట్ మొత్తం డిలీట్ చేసేస్తారు. తండ్రి ఆవేశంగా అవతలి కుర్రాడి ఇంటికి ఫోన్ చేసి తిట్టేస్తాడు. పది నిమిషాల్లో ఆ అకౌంట్ మాయమైపోతుంది. మావాడు అలాంటివాడు కాదు, రుజువేదీ అని వాళ్లు అడిగితే చూపించడానికి ఏమీ మిగలదు.

అందుకే చెబుతున్నాను. ముందు సాక్ష్యం, తర్వాత రిపోర్ట్, ఆ తర్వాతే బ్లాక్. ఈ వరస మార్చకండి.

కావలసినవి

పిల్లల ఫోన్, కెమెరా బాగా పనిచేసే ఇంకో ఫోన్, ఛార్జర్, ఒక లాంగ్‌బుక్, పెన్ను. కంప్యూటర్‌లో టైప్ చేసుకుంటాం అంటారు కొందరు. వద్దు, లాంగ్‌బుక్కే. చేత్తో రాస్తే తొందరపడరు, ఏదీ దాటేయరు. కూర్చోవడం కూడా హాల్లో డైనింగ్ టేబుల్ దగ్గరే. పిల్లలు ఆ మెసేజ్‌లు చదువుకుని ఏడ్చిన మంచం మీద ఈ పని పెట్టుకోవద్దు.

ముందు ఒక మాట

"నీ ఫోన్ లాక్కోను" అని మొదటే చెప్పండి. పిల్లలు ఇంట్లో చెప్పకపోవడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఈ భయమే. తిడతారన్న భయం దాని తర్వాతే. "నువ్వేం చేశావని వాళ్లలా అన్నారు?" అన్న ప్రశ్న మాత్రం నోటి వెంట రానివ్వకండి. ఇంతకంటే పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు.

సాక్ష్యం తీయడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. నాలుగు స్క్రీన్‌షాట్లు తీసి, ఎర్ర గీతలతో సున్నాలు చుట్టి, ఫ్యామిలీ గ్రూప్‌లో పెడతారు. అలా చేస్తే సాక్ష్యం పాడవుతుంది, పిల్ల పరువూ పోతుంది.

వాట్సాప్ అయితే ముందు డేటా, వైఫై రెండూ ఆపండి. పంపినవాళ్లు 'అందరికీ డిలీట్' కొట్టినా, నెట్ లేని ఫోన్‌లో మెసేజ్ అలాగే ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌కు నెట్ కావాలి. అందులో స్టోరీలు 24 గంటల్లో పోతాయి కాబట్టి వాటితోనే మొదలుపెట్టండి.

తర్వాత రెండో ఫోన్‌తో వీడియో తీయండి. పిల్లల ఫోన్ హోమ్ స్క్రీన్, దాని మీద తేదీ, టైమ్ కనిపించాలి. అక్కడి నుంచి యాప్ తెరవడం, చాట్‌లోకి వెళ్లడం, పైనుంచి కిందికి మెల్లగా జరపడం, అంతా ఒకే వీడియోలో రావాలి. మధ్యలో ఆపొద్దు. ఉత్త స్క్రీన్‌షాట్లు చాలని వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు. దొంగ స్క్రీన్‌షాట్ తయారుచేయడం తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా వచ్చని నా ల్యాబ్‌లో నేనే చూశాను. ఆగకుండా తీసిన వీడియోను అబద్ధమనడం అంత తేలిక కాదు.

వీడియో అయ్యాక స్క్రీన్‌షాట్లు. ఒక్కో దానిలో ముందు దాని చివరి మెసేజ్ కనిపించేలా తీయండి. కత్తిరించొద్దు, గీతలు గీయొద్దు, ఏదీ చెరపొద్దు. ఒకసారి చూడగానే మాయమయ్యే ఫోటోలకు, చదివాక వాటంతటవే పోయే వ్యానిష్ మోడ్ మెసేజ్‌లకు స్క్రీన్‌షాట్ పనికిరాదు. కొన్నిచోట్ల తీయనివ్వదు, కొన్నిచోట్ల తీసినట్టు అవతలివాళ్లకు తెలిసిపోతుంది. వాటిని రెండో ఫోన్ కెమెరాతోనే తీయాలి.

ఇప్పుడు ఎక్కువమంది మర్చిపోయే సంగతి. స్క్రీన్‌షాట్‌లో పంపినవాళ్ల నంబర్ రాదు, మీ పిల్ల సేవ్ చేసుకున్న పేరు వస్తుంది. ఒకసారి బూతులన్నీ పంపిన నంబర్ 'బెస్టీ' అని సేవ్ అయి ఉంది. ఆ పేరు పట్టుకుని పోలీసులు ఏం చేస్తారు? పేరు మీద నొక్కితే నంబర్ కనిపించే పేజీ వస్తుంది, దాన్నీ తీయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే ప్రొఫైల్ పేజీ, యూజర్‌నేమ్ అక్షరం పొల్లుపోకుండా, ప్రొఫైల్ లింకు, ఒక్కో పోస్టు లింకు. యూజర్‌నేమ్ ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు, ఫోటో తీసేయొచ్చు. కంపెనీని వివరాలు అడగాలంటే పోలీసులకు ముందు కావలసింది లింకే. స్కూళ్ల పేరుతో నడిచే, పేరు చెప్పకుండా ఎవరి గురించైనా రాసే కన్ఫెషన్స్ పేజీల్లో నడిపేదెవరో కనిపించదు కాబట్టి అక్కడ లింకు లేకపోతే ఇక దారి లేనట్టే.

ఈ పని జరుగుతున్నంతసేపూ ఒక్క జవాబు కూడా ఇవ్వొద్దు. కోపం బొమ్మ కూడా పెట్టొద్దు.

ఇంకో జాగ్రత్త అన్నిటికంటే ముఖ్యం. ఆ మెసేజ్‌లన్నీ పిల్లల చేత మళ్లీ చదివించకండి. పదో తరగతి అమ్మాయి ఒకామె. యాన్యువల్ డే ఫోటోలో నవ్వుతున్న ఆమె నోటిని, పళ్లకున్న క్లిప్పులతో సహా కత్తిరించి స్టిక్కర్ చేశారు. క్లాసు గ్రూప్‌లో ఎవరు జోకేసినా కింద ఆ స్టిక్కరే. నేను వీడియో తీస్తూ "మొదటిది ఎప్పుడు వచ్చిందో వెతుకుదాం" అన్నాను. ఫోన్ వైపు చూడకుండానే "ఆదివారం రాత్రి 11:42 టీచర్" అంది. ఎన్నిసార్లు చూసి ఉంటే అది అలా గుర్తుండిపోతుంది! గ్రూప్‌లో ఎక్కువమంది ఒక్క మాట కూడా అనలేదు. ఆమెను ఎక్కువ బాధపెట్టింది ఆ మౌనమే. నేను తీస్తుంటే తను చూపుడువేలి గోరు పక్క చర్మం లాక్కుంటూ కూర్చుంది. అప్పటి నుంచి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటాను కానీ స్క్రీన్ వాళ్ల వైపు తిప్పను. ఎవరు, ఎప్పుడు అన్నంతవరకే అడుగుతాను.

ఒక్కచోట మాత్రం పై పద్ధతి పనికిరాదు

18 ఏళ్లలోపు పిల్లల నగ్న ఫోటో, లేదా ముఖం అతికించి అలా తయారుచేసిన ఫోటో అయితే వీడియో తీయొద్దు, స్క్రీన్‌షాట్ తీయొద్దు, ఎవరికీ పంపొద్దు, స్కూలు ప్రిన్సిపాల్‌కు కూడా. ఐటీ చట్టంలోని 67బి సెక్షన్, పిల్లలపై లైంగిక నేరాల మీద ఉన్న పోక్సో చట్టం అలాంటి బొమ్మను దాచుకోవడాన్నీ పంపడాన్నీ నేరంగానే చూస్తాయి. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఈ విషయం ఇంకా గట్టిగా చెప్పింది. లింకు, యూజర్‌నేమ్, టైమ్ రాసుకుని, ఆ ఫోన్‌తోనే నేరుగా పోలీసుల దగ్గరకు వెళ్లండి.

ఫోటో పిల్లల ఫోన్‌లోనే ఉంటే అది నెట్‌లో వ్యాపించకుండా ఆపడానికి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది, అమెరికాలోని పిల్లల రక్షణ సంస్థ నడుపుతోంది. ఫోటో ఫోన్ దాటి పోదు. దాని నుంచి తయారయ్యే గుర్తు సంఖ్య మాత్రం ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి కంపెనీలకు వెళ్తుంది. వాట్సాప్‌లో తిరిగే ఫోటోను ఇది ఆపలేదు.

లాంగ్‌బుక్‌లో ఏం రాయాలి

తేదీ, టైమ్, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు. వీటి పక్కన ఇంకో గడి గీయండి. ఆ రోజు పిల్ల ఎలా ఉందో అందులో రాయాలి. దీన్ని చాలామంది రాయరు, నేను మాత్రం రాయించకుండా వదలను. పొద్దున కడుపునొప్పి అని స్కూలు బస్సు ఎక్కలేదు. రాత్రి రెండింటికి లైటు వెలుగుతోంది. యూనిట్ టెస్టులో లెక్కల పేపర్ సగం ఖాళీగా ఇచ్చింది. ఎవరి ఫోటోతో స్టిక్కర్ చేశారో ఆ అమ్మాయి గురించి వాళ్లమ్మ రాసింది ఇదీ: "నాలుగు రోజులుగా ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది."

'పిల్లలన్నాక ఆటపట్టిస్తారు' అనే పెద్దమనుషులకు బూతు మెసేజ్ చూపిస్తే తల పక్కకు తిప్పుకుంటారు. ఈ గడి చదివి వినిపిస్తే అలా తిప్పుకోలేరు. డాక్టర్‌కూ ముందు పనికొచ్చేది ఇదే.

అందులో 'నేను లేకపోతే బాగుండు' లాంటి మాటో, చేతి మీద కోసుకున్న గీతో రాయాల్సి వస్తే మిగతా పని అక్కడే ఆపేయండి. పిల్లను ఒంటరిగా వదలొద్దు. 14416కు ఫోన్ చేయండి, అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. మన ఊళ్లో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, అక్కడికి తీసుకెళ్లడానికి మొహమాటపడకండి. ప్రాణాపాయం అనిపిస్తే 112.

రిపోర్ట్, బ్లాక్

ఇది తేలిక. యాప్‌లోనే రిపోర్ట్ కొట్టండి, కొట్టినట్టు అవతలివాళ్లకు తెలియదు. వాట్సాప్‌లో రిపోర్ట్ కొట్టేటప్పుడు బ్లాక్ చేసి చాట్ తీసేయాలా అని పక్కన ఒక టిక్కు ఉంటుంది. అది తీసేసి కొట్టండి, లేకపోతే చాట్ పోతుంది. 2021 ఐటీ నిబంధనల్లో నగ్న ఫోటోలు, మార్ఫింగ్ ఫోటోలపై బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీసేయాలని పెట్టారు, 2026 సవరణతో ఆ గడువును 2 గంటలకు తగ్గించారు. అందుకే రిపోర్ట్ కొట్టిన టైమ్ కూడా రాసుకోండి. ఆ తర్వాత బ్లాక్ చేయండి.

ఫిర్యాదు

క్లాసు పిల్లలే చేశారని తెలిస్తే ముందు స్కూలుకు, కాగితం మీద రాసి, అందినట్టు సంతకం తీసుకుని. నోటిమాట ఫిర్యాదు వారం తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు. బెదిరింపులు, దొంగ అకౌంట్, అసభ్య ఫోటోలు ఉంటే స్కూలు కోసం ఆగొద్దు. కేంద్రం నడిపే సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల మీద నేరాలకు వేరే విభాగం ఉంది, అందులో పెట్టండి. నగర కమిషనరేట్‌లో సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ ఉంది. ఎఫ్ఐఆర్ కట్టాల్సిన నేరమైతే 'మా పరిధి కాదు' అని ఏ స్టేషనూ వెనక్కి పంపకూడదు. పిల్లల సహాయానికి 1098.

అసభ్య మెసేజ్‌ల మీద ఉండిన ఐటీ చట్టం 66ఏ కింద కేసు పెట్టండని ఇప్పటికీ సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. పేరు, ఫోటో వాడి దొంగ అకౌంట్ తెరిస్తే అదే చట్టంలో 66సి ఉంది. వెంటపడి వేధించడానికి, బెదిరింపులకు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్లున్నాయి. డబ్బిస్తే ఆ అకౌంట్ హ్యాక్ చేసి పెడతామనేవాళ్ల దగ్గరకు మాత్రం వెళ్లకండి. అలా హ్యాక్ చేయించడమూ నేరమే.

వేధించినవాళ్లూ 18 లోపు వాళ్లయితే వ్యవహారం జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. వాళ్ల ఫోటోను అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో పెట్టి పగ తీర్చుకోవద్దు. మీ పిల్ల పడ్డ బాధే ఇంకో పిల్లాడు పడతాడు, మీ మీద కేసు కూడా అవుతుంది.

కేసు తేలేదాకా ఆ ఫోన్ అమ్మొద్దు, రీసెట్ కొట్టొద్దు, సిమ్ మార్చొద్దు. స్క్రీన్‌షాట్లు మీరు ఎన్ని ఇచ్చినా అసలు ఫోన్ చూపించమని అడుగుతారు. లాంగ్‌బుక్ కూడా ఇంకో రెండు నెలలు రాస్తూనే ఉండండి, బ్లాక్ చేసినవాళ్లు కొత్త అకౌంట్‌తో రావడం మామూలే. వస్తే కొత్త పేజీ తిప్పి, ప్రొఫైల్ లింకు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.