సాయంత్రం కుదిరిన కుట్టు పొద్దున్నకి పోతోందా?

పర్లాకిమిడిలో మా వరండాలో తొక్కుడు మిషన్ నేర్పుతాను. పాతపట్నం నుంచీ వస్తారు, ఎక్కువమంది ముప్పై దాటినవాళ్లే. వారం తిరక్కుండా అందరి నోటా ఒకటే మాట: "అక్కా, ఈ వయసులో నా బుర్రకి ఎక్కదేమో."

చక్రం వెనక్కి తిరుగుతోంది, దారం తెగుతోంది

బుర్రను తిట్టుకునే ముందు స్టూలు ఎత్తు, బెల్టు బిగువు చూడండమ్మా. ఎన్నిసార్లు చెప్పినా ఇది చూడరు. రెండూ బాగుంటే దారం తీసేసి, గీతల కాగితం మీద ఉత్తి సూదితో నడపండి.

నిన్న తిన్నగా వచ్చింది, ఇవాళ వంకర

దీని దగ్గర నేనే దెబ్బతిన్నాను. మొదట్లో అందరినీ మూడు గంటలు ఏకబిగిన కూర్చోబెట్టేదాన్ని. ఒకావిడ సాయంత్రానికి స్కేలు పెట్టి గీసినట్టు కుట్టింది. నాకూ సంబరమే. మర్నాడు జాకెట్ మెడ ఇస్తే మొదటి వంపులోనే గుడ్డ ముడుచుకుపోయింది, ఆవిడ కళ్లలో నీళ్లు.

చివరి గంటలో వచ్చే ఆ సులువు నేర్పు కాదు, ఒకే పనికి చెయ్యి అలవాటుపడటం. నేర్చింది మెదడులో కుదురుకునేది తర్వాత, విరామంలో, నిద్రలో. బ్రిటన్‌లో తపాలా ఉద్యోగులకు టైపింగ్ నేర్పిన పరిశోధన ఒకటి 1978లో వచ్చింది. రోజుకు 4 గంటలు కూర్చున్నవాళ్ల కంటే 1 గంట కూర్చున్నవాళ్లకి మొత్తమ్మీద తక్కువ గంటలు పట్టాయి. కానీ పద్ధతి నచ్చలేదన్నది ఎక్కువగా ఆ గంట వాళ్లే! రోజులు లెక్కపెట్టుకుంటే వెనకబడినట్టే ఉంటుంది మరి. మోసమంతా అక్కడే.

అందుకే పొద్దున అరగంట, సాయంత్రం అరగంట చాలు. ఒక తిన్నని గీత, ఒక వంపు, ఒక మూల, మళ్లీ గీత, ఇలా మార్చి మార్చి కుట్టండి. ఆ పూటకి అధ్వానంగానే కనిపిస్తుంది, కంగారు పడకండి. రాత్రి నిద్ర మాత్రం మానొద్దు. పొద్దున మిషన్ ఎక్కగానే కుట్టిన మొదటి గీత ఉన్న పేలిక మీద తేదీ రాసి దాచండి. సోమవారం పేలికని వచ్చే సోమవారం పేలిక పక్కన పెట్టి చూడండి. సాయంత్రం కుట్టిన వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

"వయసైపోయింది"

కాలేదు. జర్మనీలో ఇరవైల్లో ఉన్నవాళ్లకి 3 నెలలు మూడు బంతులు ఎగరేసి పట్టడం నేర్పి మెదడు స్కాన్ తీస్తే, కదలికను గమనించే చోట బూడిదరంగు పదార్థం, అంటే నాడీకణాలు ఎక్కువగా ఉండే భాగం, పెరిగింది. 2004 నాటి మాట. 2008లో అరవై ఏళ్ల వాళ్లలోనూ అలాంటి మార్పే కనబడింది. ఆట ఆపేసిన 3 నెలలకి ఆ పెరుగుదల తగ్గింది కూడా. కాబట్టి రథయాత్రకని మానేసి, సంక్రాంతికి వచ్చి "అంతా పోయింది" అంటే ఏం చెప్పను? కాగితం దగ్గర నుంచి మళ్లీ మొదలు.

ఇక చూపు ఆనకపోతే కళ్లజోడు. చెయ్యి కొత్తగా వణుకుతున్నా, ఒక కాలు మాట వినకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లండి, నా దగ్గరికి కాదు.