తెగిన నరానికి ఆరోగ్యశ్రీలో ఆపరేషన్: దరఖాస్తు ఎలా, ఎప్పటిలోగా?

బైక్ ప్రమాదంలో భుజం దగ్గర నరాలు దెబ్బతిని చెయ్యి పడిపోయినా, గాజు కోసుకుని మణికట్టు దగ్గర నరం తెగినా, తెలంగాణలో ఆహార భద్రత కార్డు ఉన్నవాళ్లు ముందుగా చూడాల్సింది రాజీవ్ ఆరోగ్యశ్రీనే. 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షల వరకు పరిమితి ఉంది.

రోగి ఇంటి దగ్గర కూర్చుని నింపే ఫారం ఇందులో ఉండదు. కార్డు, ఆధార్ పట్టుకుని నెట్‌వర్క్ ఆసుపత్రిలో (పథకంలో చేరిన ఆసుపత్రి) ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరికి, అంటే పథకం తరఫున రోగులకు సాయం చేసే ఉద్యోగి దగ్గరికి వెళ్తే అక్కడే పేరు నమోదు చేస్తారు. డాక్టర్ చూసి ఆపరేషన్ కావాలని తేల్చాక, రిపోర్టులు, ఫొటోలు జతచేసి ఆసుపత్రే ఆన్‌లైన్‌లో పథకాన్ని నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్టు అనుమతి కోరుతుంది. దీన్నే ప్రీ ఆథరైజేషన్ అంటారు. అత్యవసరమైతే ఫోన్ మీదే అనుమతి తీసుకునే వీలుంది.

అయితే నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి ఆసుపత్రిలోనూ నరాలు కుట్టరు. మైక్రోస్కోప్ కింద చేసే పని కాబట్టి ప్లాస్టిక్ సర్జరీ లేదా న్యూరోసర్జరీ విభాగం ఉన్నచోటికే వెళ్లాలి. ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేసినప్పుడు “ఆరోగ్యశ్రీ ఉందా” అని అడిగి ఊరుకోకుండా, “నరం ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో చేస్తారు” అని అడగండి.

ఎప్పటిలోగా?

పథకం గడువు సంగతి ఎలా ఉన్నా, నరానికి తన గడువు ఉంది. కత్తి, గాజు లాంటివి కోసుకుని వేలికి స్పర్శ పోతే పరీక్షల కోసం ఆగక్కర్లేదు, మొదటి కొద్ది రోజుల్లోనే కుట్టడం మేలు. పైకి గాయం లేకుండా లోపల నరం సాగినప్పుడు లెక్క వేరు. కొన్ని వాటంతట అవే కోలుకుంటాయి. నరాల పరీక్షలు (ఈఎంజీ, ఎన్‌సీఎస్) మూడు వారాలు దాటాక చేస్తేనే సరైన సంగతి తెలుస్తుంది. మూడు నెలలు చూసినా కదలిక రాకపోతే, ఆరు నెలల్లోపు ఆపరేషన్ చేయించుకోవాలి.

ఎందుకంటే కుట్టిన నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది. ఏడాది, ఏడాదిన్నర పాటు నరం అందని కండరం ఆ తర్వాత అందినా పనిచేయదు. “ఇంకో ఆర్నెల్లు చూద్దాం, మసాజ్ చేయిద్దాం” అనే ఊరి సలహా వల్ల జరిగే నష్టం ఇక్కడే. కార్డులో పేరు తప్పో, ఆధార్ సమస్యో ఉంటే పరీక్షలు జరిగే ఈ వారాల్లోనే సరిచేయించుకోండి.

ఏ కాగితాలు?

ప్రమాదమైతే ఎఫ్ఐఆర్ లేదా ఆసుపత్రి రాసిన ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) కాపీ, మొదట చికిత్స చేసిన చోటి కేసు షీట్, అక్కడ కుట్లు వేసి ఉంటే ఆపరేషన్ వివరాలు, ఎమ్మారై, ఈఎంజీ రిపోర్టులు. మొదటి రోజు కేసు షీట్‌లో చెయ్యి కదలడం లేదని తేదీతో రాయించుకోవడం చాలా ముఖ్యం. గాయం ఎప్పటిదన్న దాన్ని బట్టే సర్జన్ నిర్ణయం ఉంటుంది. ట్రస్టు నుంచి ‘క్వెరీ’ (ఇంకా కాగితాలు, వివరాలు కావాలన్న ప్రశ్న) వస్తే చాలామంది అనుమతి రాలేదనుకుని ఇంటికి వెళ్లిపోతారు. ఏ కాగితం తక్కువైందో ఆరోగ్యమిత్రను అడిగి ఇప్పించండి. ప్యాకేజీలో ఉన్న చికిత్సకు విడిగా డబ్బు అడిగితే 104లోనే ఫిర్యాదు చేయొచ్చు.

కార్డు లేనివాళ్లు నిమ్స్‌లో చేరితే, అంచనా ఖర్చు పత్రంతో ఎమ్మెల్యే సిఫారసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌వోసీ (చికిత్స ఖర్చుకు ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) కోరవచ్చు. రోడ్డు ప్రమాద బాధితులకు కేంద్రం 2025 మేలో తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం కూడా ఉంది కానీ, అది మొదటి ఏడు రోజులకు, రూ.1.5 లక్షల వరకే. నెలల తర్వాత చేసే నరం ఆపరేషన్‌కు పనికిరాదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పని డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద, వైద్యమిత్ర ద్వారా జరుగుతుంది.

డిశ్చార్జ్ రోజున ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలుపెట్టాలో, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో రాయించుకోండి. నరం చేరేలోపు కీళ్లు బిగుసుకుపోతే ఆపరేషన్ బాగా జరిగినా చెయ్యి వంగదు.