క్లెయిమ్ పని నేర్చుకుందాం – 4వ పాఠం: పాలసీదారు వయసు తేల్చడం

ముందు పోయినసారి ఇచ్చిన లెక్కకు జవాబు. జీవిత బీమా పాలసీ మొదలైననాటికి పాలసీదారు వయసెంత అన్నది ఆ లెక్క. పుట్టింది 1985 నవంబర్ 20న, పాలసీ మొదలైంది 2015 జూన్ 10న. ఆ రోజుకు నిండినవి 29 ఏళ్లు. కానీ పోయిన పుట్టినరోజు దాటి 202 రోజులైంది, వచ్చేదానికి 163 రోజులే ఉన్నాయి. కాబట్టి దగ్గరి పుట్టినరోజు పద్ధతిలో 30. ఏ పద్ధతి వాడాలో ఆ పాలసీ షరతులే చెబుతాయి. షరతులు చూడకుండా 29 అని రాసేసినవాళ్లకు సగం మార్కులే.

ఈ లెక్క ఎందుకు చేయించానంటే, క్లెయిమ్‌లో మనం తేల్చాల్సింది మనిషి పోయిననాటి వయసు కాదు, పాలసీ మొదలైననాటి వయసు. ప్రీమియం కట్టించుకున్నది దాన్నిబట్టే. మరణ ధ్రువపత్రంలో 60 అని, పాలసీ ప్రకారం 57 అని కనిపించగానే కొత్తవాళ్లు టెన్షన్ పడిపోతారు. ఆ 60 ఎవరు చెప్పారు? ఏడుస్తూ నిలబడ్డ కొడుకో, ఫారం నింపడానికి తోడొచ్చిన పక్కింటాయనో. "ఎన్నేళ్లుంటాయండీ?" అంటే "అరవై ఉంటాయి" అంటారు గానీ యాభై ఏడని ఎవరంటారు? సరిగ్గా తెలియని వయసును జనం 0తోనో 5తోనో ముగిసే అంకెకు సర్దేస్తారు. జనాభా లెక్కల్లో ఈ అలవాటును కొలవడానికి విప్పుల్ సూచిక అని ఒకటి వాడతారు కూడా. ఆ పత్రం చావుకు సాక్ష్యం, పుట్టుకకు కాదు.

ఫైలు తెరవగానే రికార్డులో 'ఏజ్ అడ్మిటెడ్' అని, అంటే వయసు రుజువును కంపెనీ ముందే ఒప్పుకుందని, ఉందేమో చూడండి. ఉంటే, మోసం జరిగిందనడానికి గట్టి కారణం కనబడితే తప్ప, మళ్లీ రుజువు అడిగి ఇంట్లోవాళ్లను తిప్పొద్దు.

లేకపోతే కాగితాలు చూడాలి. ప్రతి కాగితాన్నీ మూడు మాటలు అడగండి: నిన్ను ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఏ అవసరానికి రాశారు? జనన ధ్రువపత్రంలో పుట్టినతేదీ ఒక్కటే చూసి పక్కన పెట్టేస్తారు చాలామంది. దాని కింద నమోదు తేదీ ఉంటుంది, అసలు చూడాల్సింది అదే. పుట్టిన వారంలో నమోదైనదానికీ, నలభై ఏళ్ల తర్వాత పాలసీ కోసం తీసుకున్నదానికీ ఒకే విలువ ఇవ్వలేం. నాలుగు కార్డుల్లో ఒకే తేదీ ఉందని నాలుగు సాక్ష్యాలనుకోకండి, ఒకదాన్ని చూసి ఇంకోటి రాసుంటారు. తేదీ జనవరి 1 అయితే, సంవత్సరం మాత్రమే తెలిసి ఎవరో నింపారేమోనని ఆలోచించండి. నిజంగా ఆ రోజే పుట్టినవాళ్లూ ఉంటారనుకోండి.

తేదీలు కలవనంత మాత్రాన క్లెయిమ్ చెడదు. పై లెక్కలో అసలు పుట్టినతేదీ నవంబర్ 5 అని తేలిందనుకోండి. ఏ పద్ధతిలో చూసినా వయసు మారదు. ఫైలులో ఆ మాట రాసి ముందుకు సాగండి.

వయసు మారితే మామూలుగా జరిగేది తిరస్కరణ కాదు, సర్దుబాటు. ఉదాహరణకు బీమా మొత్తం 10,00,000. చెప్పిన వయసుకు ఏడాదికి 12,000 కట్టారు, అసలు వయసుకు కట్టాల్సింది 15,000. అంటే కట్టింది ఐదింట నాలుగు వంతులు. కాబట్టి ఇచ్చేదీ అంతే: 8,00,000. చాలా పాలసీల్లో ఇదే షరతు ఉంటుంది. వయసు ఎక్కువ చెప్పి ఎక్కువ కట్టినవాళ్ల సంగతి కొందరు మరిచిపోతారు. అక్కడ షరతునుబట్టి అదనపు ప్రీమియం వెనక్కివ్వాలి, లేదా బీమా మొత్తం పెంచాలి. చిక్కంతా అసలు వయసు ఆ పాలసీకి ఉన్న గరిష్ఠ ప్రవేశ వయసు దాటినప్పుడే. అలాంటి ఫైలు మీ స్థాయిలో తేల్చకండి, పైకి పంపండి.

ఈసారి అభ్యాసం: పాలసీలో తల్లి పుట్టిన సంవత్సరం 1972. పెద్దకూతురి జనన ధ్రువపత్రంలో కూతురు పుట్టిన సంవత్సరం 1984. తల్లి బడి రిజిస్టరులో తల్లి పుట్టిన సంవత్సరం 1966. ఇంకొక్క కాగితమే అడగాలంటే ఏది అడుగుతారు? ఆ కూతురికి ఉత్తరం రాయండి, నాలుగు వాక్యాలు దాటొద్దు. "మీ అమ్మగారు వయసు తప్పు చెప్పారు" అని మొదలుపెట్టినవాళ్లకు సున్నా.